ఇంజను లేకపోయినా వాహనమే! కొత్త ట్రాలీ తొలి ప్రయాణంలో బాధ్యత ఎవరిది?

న్యూఢిల్లీ: ట్రాక్టరు ఉన్న రైతుకు ట్రాలీ కొనడం ఒక ఖర్చు మాత్రమే. ట్రాక్టరు లేకుండా ముందుగా ట్రాలీ కొనుక్కునే రైతుకు మాత్రం దానిని ఇంటికి చేర్చడం కూడా ఒక సమస్యే. ఇంజను లేని ఆ బండిని లాగడానికి ఆయన మరొకరి ట్రాక్టరును అద్దెకు మాట్లాడుకోవలసి వస్తుంది. పట్టణంలోని వర్కుషాపు నుంచి గ్రామంలోని కళ్లం దాకా సాగే ఆ ఇరవై, ముప్పై కిలోమీటర్ల ప్రయాణం గురించి సాధారణంగా ఎవరూ పెద్దగా ఆలోచించరు. ట్రాక్టరు యజమానికి అద్దె, డ్రైవరుకు బత్తా, తయారీదారుకు మిగిలిన సొమ్ము చెల్లిస్తే పని ముగిసినట్లే భావిస్తారు. కాని చట్టం దృష్టిలో ఆ సమయంలో రోడ్డుపై నడుస్తున్నది ఒక వాహనం కాదు, రెండు. వాటికి యజమానులు ఇద్దరు, కావలసిన రిజిస్ట్రేషన్లు రెండు, బీమాలు రెండు. దారిలో ప్రమాదం జరిగితే నష్టపరిహారం ఎవరు చెల్లించాలన్న ప్రశ్నకు జవాబు ఈ రెండింటి కాగితాలపైనే ఆధారపడి ఉంటుంది.

ట్రాక్టరు ట్రాలీ, ట్రక్కు, ట్రైలర్, తొట్టి అంటూ ప్రాంతానికొక పేరుతో పిలిచే ఈ బండి దేశంలో గ్రామీణ రవాణాకు వెన్నెముక వంటిది. ప్రపంచంలోకెల్లా పెద్దదైన భారత ట్రాక్టర్ల విపణిలో ఇటీవలి సంవత్సరాలలో ఏటా సుమారు 9 లక్షల ట్రాక్టర్లు అమ్ముడవుతున్నాయి. ట్రాక్టర్లు పెద్ద కర్మాగారాలలో పరీక్షలకు నిలిచి బయటికి వస్తుండగా, వాటి వెనుక నడిచే ట్రాలీలలో అనేకం చిన్న పట్టణాల వెల్డింగు షాపులలో, రైతు చెప్పిన కొలతలకు తయారవుతున్నాయి. చట్టం, ఆచారం ఒకదానికొకటి దూరమవుతున్నది ఇక్కడే.

చట్టం ఏమంటోంది?

1988 నాటి మోటారు వాహనాల చట్టం రెండవ సెక్షన్‌లో 'మోటారు వాహనం' అన్న పదానికి ఇచ్చిన నిర్వచనంలో ట్రైలర్ కూడా స్పష్టంగా చేరి ఉంది. తనంతట తాను కదలలేకపోయినా, మరొక మోటారు వాహనం లాగడానికి ఉద్దేశించినదైతే చాలు, అది మోటారు వాహనమే. కనుక రిజిస్ట్రేషన్‌ను తప్పనిసరి చేస్తున్న 39వ సెక్షన్, బీమాను తప్పనిసరి చేస్తున్న 146వ సెక్షన్ ట్రాలీకి కూడా వర్తిస్తాయి. ట్రాక్టరుకు ఉన్న రిజిస్ట్రేషన్ దాని వెనుక తగిలించిన ట్రాలీకి వర్తించదు.

రిజిస్ట్రేషన్ లేని వాహనాన్ని నడిపితే 192వ సెక్షన్ ప్రకారం మొదటిసారి రూ. 2,000కు తగ్గకుండా రూ. 5,000 వరకు జరిమానా విధించవచ్చు. బీమా లేకుండా నడిపిన పక్షంలో, 2019 సవరణ తర్వాత 196వ సెక్షన్ కింద మొదటి నేరానికి మూడు మాసాల వరకు జైలు, లేదా రూ. 2,000 జరిమానా, లేదా రెండూ విధించే వీలుంది. అదే నేరం మళ్లీ చేస్తే జరిమానా రూ. 4,000. ఈ జరిమానాల మొత్తం చిన్నదే కావచ్చు. కాగితాలు లేని కారణంగా ప్రమాదానంతరం నెత్తిన పడే భారం మాత్రం రైతు జీవితకాలపు సంపాదనను మించిపోగలదు.

నంబరు పలకల విషయంలో 61వ సెక్షన్ చెబుతున్నది చాలామందికి తెలియని సంగతి. ట్రాలీకి కేటాయించిన సొంత నంబరును దాని పక్క భాగంలో ప్రదర్శించాలి. దానిని లాగుతున్న ట్రాక్టరు నంబరును ట్రాలీ వెనుక వైపున ప్రదర్శించాలి. వెనుక నుంచి వచ్చే వాహనదారుకు ట్రాక్టరు నంబరు కనిపించదు కనుక ఈ ఏర్పాటు చేశారు. అద్దె ట్రాక్టరుతో ట్రాలీని తెచ్చుకునే రోజున ట్రాలీ వెనుక ఉండవలసినది ఆ అద్దె ట్రాక్టరు నంబరేనని గ్రహించాలి.

దుకాణం గడప దాటక ముందే

కొత్త వాహనాన్ని కాగితాలు లేకుండా కొనుగోలుదారుకు అప్పగించకుండా చూడవలసిన బాధ్యతను చట్టం ప్రధానంగా డీలరుపైనే మోపింది. ట్రేడ్ సర్టిఫికెట్ పొందిన డీలరు తాత్కాలికమో, శాశ్వతమో రిజిస్ట్రేషన్ లేనిదే ఏ వాహనాన్నీ కొనుగోలుదారుకు అప్పగించరాదని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలోని 42వ నిబంధన నిర్దేశించింది. 2019 సవరణ దీనిని మరింత బిగించింది. డీలరు ఉన్న రాష్ట్రంలోనే వాహనం రిజిస్టరు కావలసి ఉంటే దరఖాస్తు చేయవలసినది డీలరే. నంబరు పలక బిగించే వరకు వాహనాన్ని యజమానికి అప్పగించరాదు. పక్క రాష్ట్రంలో కొని సొంత రాష్ట్రానికి తెచ్చుకునేవారు 43వ సెక్షన్ కింద తాత్కాలిక రిజిస్ట్రేషన్ పొంది బయలుదేరవచ్చు.

చిక్కల్లా ట్రేడ్ సర్టిఫికెట్ లేని చిన్న వర్కుషాపులతోనే. అక్కడ రైతుకు దక్కేది ఒక బిల్లు, అదీ కొన్ని సందర్భాలలో తెల్ల కాగితంపై రాసిన రశీదు మాత్రమే. అమ్మకపు ధ్రువపత్రం, వాహనం రోడ్డుకు తగినదని తయారీదారు ఇవ్వవలసిన పత్రం లేనప్పుడు రవాణా శాఖ కార్యాలయంలో దరఖాస్తు ముందుకు సాగదు. రిజిస్ట్రేషన్ లేని ట్రాలీకి బీమా తీసుకోవడమూ కష్టమే. ధర కొంత తక్కువగా ఉన్నదని కొన్న ట్రాలీ ఈ విధంగా ఏనాటికీ కాగితాలు లేని వాహనంగానే మిగిలిపోయే ప్రమాదం ఉంది. కనుక బేరం కుదుర్చుకునే ముందు అడగవలసిన మొదటి ప్రశ్న ధర గురించి కాదు, 'రిజిస్ట్రేషన్‌కు కావలసిన పత్రాలు ఇస్తారా?' అన్నది.

ధర విషయంలో రైతుకు కొంత ఊరట లభించిన మాట నిజమే. 2025 సెప్టెంబరు 22 నుంచి అమలులోకి వచ్చిన మార్పులతో వ్యవసాయ ట్రాక్టర్లపైన, సరకును తానే నింపుకునే లేదా దించే వ్యవసాయ ట్రైలర్లపైన జి.ఎస్.టి. 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పన్ను తగ్గినందువల్ల, బిల్లు లేకుండా కొంటే మిగులుతుందనుకునే సొమ్ము కూడా ఆ మేరకు తగ్గిందన్నది గమనార్హం.

అద్దె ట్రాక్టరు: అధీనం ఎవరిది?

కార్లను స్వయంగా నడుపుకోవడానికి అద్దెకిచ్చే వ్యాపారానికి మన దేశంలో 1989 నుంచి ప్రత్యేక పథకమే ఉంది. ఆ లైసెన్సు పొందడానికి కనీసం 50 క్యాబులు ఉండాలన్నది అందులోని షరతు. ఆ కార్లను నల్లని పలకపై పసుపుపచ్చ అక్షరాలతో గుర్తించవచ్చు. ట్రాలీని లాగడానికి ట్రాక్టరును అద్దెకు తీసుకోవడం అటువంటి పథకం కిందికి రాదు. సాగు యంత్రాలను రైతులకు అద్దెకిచ్చే కేంద్రాలకు 2014-15లో ప్రారంభమైన వ్యవసాయ యాంత్రీకరణ ఉపమిషన్ కింద కేంద్ర ప్రభుత్వం సబ్సిడీ ఇస్తున్నా, గ్రామాలలో ట్రాక్టరు అద్దె ఇప్పటికీ ఎక్కువగా నోటి మాట మీదే నడుస్తోంది.

అద్దెకు తీసుకున్న వాహనం ప్రమాదానికి గురైనప్పుడు యజమాని ఎవరన్న ప్రశ్న సుప్రీంకోర్టు ముందుకు పలుమార్లు వచ్చింది. రాజస్థాన్ ఆర్టీసీ అద్దెకు తీసుకుని నడిపిన ఒక బస్సు ప్రమాదానికి సంబంధించి 1997లో ఇచ్చిన తీర్పులో, వాహనంపై వాస్తవమైన అధీనం, అజమాయిషీ ఎవరిదో వారు కూడా 'యజమాని' కిందికే వస్తారని కోర్టు స్పష్టం చేసింది. ఉత్తరప్రదేశ్ ఆర్టీసీ అద్దె బస్సు విషయంలో 2011లో ఇచ్చిన తీర్పులో, వాహనం అద్దెకు వెళ్లినప్పుడు దాని బీమా కూడా వెంటే వెళుతుందని, బీమా సంస్థ బాధ్యత నుంచి తప్పించుకోజాలదని పేర్కొంది.

ఈ సూత్రాన్ని ట్రాక్టరుకు అన్వయించి చూస్తే, యజమాని తన డ్రైవరును పంపి ట్రాలీని లాగించిన పక్షంలో ట్రాక్టరు అధీనం ఆయన చేతిలోనే ఉన్నట్లు భావించడానికి అవకాశం ఎక్కువ. ట్రాలీ కొన్న రైతే స్వయంగా స్టీరింగు పట్టుకున్నా, తన బంధువుకు అప్పగించినా పరిస్థితి మారిపోతుంది. అద్దె ఎంత అన్నదే కాక, బండి ఎవరు నడుపుతారన్నది కూడా ముందే తేల్చుకోవలసిన విషయం కావడానికి కారణం ఇదే.

'వ్యవసాయ నిమిత్తం' అన్న మాట బరువు

వ్యవసాయ ట్రాక్టరును నిబంధనలు 'రవాణాయేతర వాహనం'గా పరిగణిస్తున్నాయి. అందుకే దానికి పన్నులోనూ, బీమా ప్రీమియంలోనూ వెసులుబాటు ఉంటుంది. అదే ట్రాక్టరుకు ట్రాలీ తగిలించి ఇతరుల సరకు మోస్తే అది సరకు రవాణా వాహనం అవుతుందని, పర్మిట్ అవసరమని సుప్రీంకోర్టు 2005లో ఒక సంస్థకు సంబంధించిన కేసులో తీర్పు చెప్పింది.

అంతకు ముందు 2004లో మరొక కేసు వచ్చింది. ట్రాక్టరు ట్రాలీలో కూరగాయలతో ప్రయాణిస్తున్న ఒక వ్యాపారి మరణించగా, ఆ కుటుంబానికి బీమా సంస్థ పరిహారం చెల్లించాలా అన్నది వివాదాంశం. కూరగాయలు వ్యవసాయోత్పత్తులే అయినప్పటికీ, వ్యవసాయం కోసం ఉద్దేశించిన ట్రాక్టరును, ట్రాలీని మరొకరి వ్యాపారం కోసం సరకు మోయడానికి వాడరాదని కోర్టు అభిప్రాయపడింది. బీమా సంస్థకు బాధ్యత లేదని తేల్చింది.

2007 నాటి కేసులో బాధితుడు ఒక కూలీ. ఇటుక బట్టీకి మట్టి తోలుతున్న ట్రాలీ వద్ద ఆయన తీవ్రంగా గాయపడ్డాడు. బీమా పాలసీ వ్యవసాయ నిమిత్తం తీసుకున్నది కావడంతో సంస్థకు బాధ్యత లేదని సుప్రీంకోర్టు నిర్ణయించింది. అయితే బాధితుని పేదరికాన్ని దృష్టిలో ఉంచుకుని, రాజ్యాంగం 142వ అధికరణం కింద తనకున్న ప్రత్యేకాధికారాన్ని వినియోగించింది. ముందు బీమా సంస్థ చెల్లించి, తర్వాత ఆ సొమ్మును వాహన యజమాని నుంచి రాబట్టుకోవాలని ఆదేశించింది. బాధితునికి సొమ్ము అందినా, యజమాని నెత్తిన భారం మిగిలే ఉందన్నమాట.

ఈ తీర్పుల సారాంశం కొత్త ట్రాలీ కొనుగోలుదారుకు నేరుగా సంబంధించినదే. అద్దె పుచ్చుకుని మరొకరి ట్రాలీని లాగడం 'వ్యవసాయ నిమిత్తం' కిందికి వస్తుందా, రాదా అన్నది ప్రమాదం జరిగిన తర్వాత కోర్టులో వాదించుకునేకంటే, బయలుదేరే ముందు ట్రాక్టరు పాలసీ తెరిచి చూసుకోవడం మేలు. ట్రాలీకి విడిగా బీమా తీసుకున్నారా లేదా అన్నది అంతకంటె ముఖ్యం. ప్రమాదంలో మరణం సంభవిస్తే తప్పు ఎవరిదన్న విచారణతో నిమిత్తం లేకుండా రూ. 5 లక్షలు, తీవ్రంగా గాయపడితే రూ. 2.5 లక్షలు పరిహారం చెల్లించాలని 164వ సెక్షన్ చెబుతోంది. బీమా లేకపోతే ఆ సొమ్ము యజమాని చేతి నుంచే పోవలసి ఉంటుంది.

లైసెన్సు సంగతి

ట్రాక్టరు నడపడానికి లైసెన్సు ఉన్న వ్యక్తి దానికి ట్రాలీ తగిలించినంత మాత్రాన అనర్హుడు కాడని సుప్రీంకోర్టు 2001లోనే ప్రకటించింది. 7,500 కిలోల బరువుకు మించని తేలికపాటి వాహనాలకు లైసెన్సు ఉన్నవారు అదే తరగతిలోని రవాణా వాహనాన్ని కూడా నడపవచ్చునని 2017లో తీర్పు వెలువడింది. దీనిపై సందేహాలు తలెత్తగా, అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న ఆ అభిప్రాయాన్నే ధ్రువీకరించింది. ఈ విషయంలో రైతులకు ఊరట లభించినట్లే. కాని అసలు లైసెన్సే లేని కుర్రవానికి స్టీరింగు అప్పగిస్తే ఈ తీర్పులు ఏవీ ఆదుకోవు.

ఇతర దేశాలలో

వాహనం అద్దెకు తీసుకుని కొత్త ట్రైలర్‌ను ఇంటికి తెచ్చుకోవడమన్న సమస్య మన దేశానికే పరిమితం కాదు. అమెరికాలో పడక, వంటగది వంటి సదుపాయాలతో ఇల్లులా అమర్చిన విహార ట్రైలర్లను కొనేవారికి, దానిని లాగగల పెద్ద వాహనం లేకపోతే ఇదే ఇబ్బంది ఎదురవుతుంది. మామూలు కారు అద్దె ఒప్పందాలలో చాలావరకు 'ఈ వాహనంతో మరొక దానిని లాగరాదు' అన్న షరతు ఉంటుంది. దానిని ఉల్లంఘిస్తే బీమా రక్షణ కోల్పోయే ప్రమాదం ఉంది. ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం వరకు ముందున్న హుక్కుపై పడేలా చూడాలని, విద్యుత్ బ్రేకులున్న ట్రైలర్ అయితే వాటిని అదుపు చేసే పరికరం లాగే వాహనంలో ఉండాలని అక్కడ సూచిస్తారు.

బ్రిటన్‌లో 2021 డిసెంబరు 16 నుంచి మామూలు కారు లైసెన్సు గలవారు 3,500 కిలోల వరకు బరువున్న ట్రైలర్‌ను ప్రత్యేక పరీక్ష లేకుండానే లాగవచ్చు. మన దేశంలో కేరళ 2021లో ప్రకటించిన కారవాన్ పర్యాటక విధానం తర్వాత విహార వాహనాల ప్రస్తావన పెరిగింది. లాగుకుపోయే ట్రైలర్ ఏ రకమైనదైనప్పటికీ, రిజిస్ట్రేషన్, బీమా విషయంలో ట్రాక్టరు ట్రాలీకి వర్తించే మౌలిక సూత్రమే దానికీ వర్తిస్తుంది.

పిన్ను, బ్రేకు, దీపం

కాగితాలు సవ్యంగా ఉన్నా బండి సవ్యంగా లేకపోతే ప్రయోజనం లేదు. కొత్త ట్రాలీని, దానికి ఏనాడూ అలవాటు లేని ట్రాక్టరుకు తగిలించేటప్పుడు మొదట చూడవలసినది హుక్కు. ట్రాక్టరు వెనుక దిగువన ఉండే డ్రాబార్‌కే ట్రాలీని తగిలించాలి. పనిముట్లు బిగించే పైలింకుకు తగిలిస్తే లాగుడు బలం ఎత్తున పడి ట్రాక్టరు ముందు చక్రాలు గాలిలోకి లేచి, వెనుకకు బోర్లా పడే ప్రమాదం ఉంది. హుక్కు రంధ్రానికి పిన్ను సరిపోవాలి. అది ఎగిరి ఊడిపోకుండా అడుగున తాళపు పిన్ను ఉండాలి. అదనంగా ఒక గొలుసు కట్టుకుంటే పిన్ను విరిగినా ట్రాలీ విడిపోయి ఎదురుగా వచ్చేవారి మీదికి పోదు.

రెండవది బ్రేకు. పొలంలో ఒక్క పక్కకే తిరగడానికి వీలుగా ట్రాక్టరుకు కుడి, ఎడమ చక్రాలకు విడివిడిగా బ్రేకు పెడళ్లు ఉంటాయి. రోడ్డెక్కే ముందు ఆ రెండింటినీ కలిపి బిగించే తాళాన్ని వేయాలి. వేయకుండా ఒక్క పెడలు తొక్కితే ట్రాక్టరు ఒక పక్కకు లాగేస్తుంది, వెనుక ఉన్న ట్రాలీ మరొక పక్కకు నెడుతుంది. ట్రాలీకి సొంత బ్రేకులు లేనప్పుడు ఆపే భారమంతా ట్రాక్టరుపైనే పడుతుంది కనుక వేగం తగ్గించుకోవడం తప్ప మార్గం లేదు. పల్లంలో గేరు తీసి బండిని వదిలేయడం అన్నింటికన్నా ప్రమాదకరం.

మూడవది వెలుతురు. వెనుక ఎర్ర దీపాలు, రిఫ్లెక్టర్లు లేని ట్రాలీ రాత్రివేళ వెనుక నుంచి వచ్చేవారికి దగ్గరపడే వరకు కనిపించదు. కొత్త ట్రాలీకి దీపాల తీగె ట్రాక్టరుకు కలుస్తుందో లేదో అక్కడే చూసుకోవాలి. పగటిపూటే ప్రయాణం ముగించడం ఉత్తమం. కొత్త చక్రాల నట్లు తొలి ప్రయాణంలోనే వదులయ్యే అవకాశం ఉంటుంది కనుక, కొద్ది కిలోమీటర్లు నడిచాక బండి ఆపి మళ్లీ బిగించుకోవాలి.

ఖాళీ ట్రాలీ, ఎక్కే జనం

ఖాళీగా వస్తున్న ట్రాలీని చూసి దారిలో ఎవరైనా ఎక్కుతామంటే కాదనడం గ్రామాలలో కష్టమే. కాని ట్రాలీ మనుషుల కోసం తయారైనది కాదు. ట్రాక్టరుపైన కూడా డ్రైవరుకు తప్ప సీటు ఉండదు. మడ్‌గార్డుపై కూర్చున్న వ్యక్తికి ఏదైనా జరిగితే బీమా పరిహారం అందుతుందన్న నమ్మకం లేదు.

2022 అక్టోబరు 1న ఉత్తరప్రదేశ్‌లోని కాన్పూర్ జిల్లాలో ఉన్నావ్ నుంచి భక్తులను తీసుకువస్తున్న ట్రాలీ చెరువులో బోల్తా పడి 26 మంది మరణించారు. మనుషుల ప్రయాణానికి ట్రాలీలను వాడవద్దని ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి ఆ సందర్భంగా విజ్ఞప్తి చేశారు. అయినప్పటికీ 2024 ఫిబ్రవరి 24న అదే రాష్ట్రంలోని కాస్‌గంజ్‌లో గంగాస్నానానికి వెళుతున్నవారి ట్రాలీ చెరువులో పడి 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. తెలంగాణలో 2018 జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలంలో కూలీలతో వెళుతున్న ట్రాక్టరు మూసీ కాలువలో బోల్తా పడి 15 మంది మరణించిన దుర్ఘటన విదితమే. మృతులలో అత్యధికులు మహిళా కూలీలు. 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించినట్లు కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక వెల్లడించింది.

బయలుదేరే ముందు

ఈ నేపథ్యంలో కొత్త ట్రాలీ కొనే రైతు చేయవలసిన పనులు పెద్దవేమీ కావు. అమ్మకపు పత్రం, రిజిస్ట్రేషన్ నంబరు లేక తాత్కాలిక నంబరు చేతికి వచ్చే వరకు మిగిలిన సొమ్ము చెల్లించకుండా ఉండాలి. ట్రాలీ పేరిట బీమా ఆ రోజు నుంచే అమలులోకి వచ్చేలా చూసుకోవాలి. అద్దె ట్రాక్టరు రిజిస్ట్రేషన్, బీమా పత్రాలు, డ్రైవరు లైసెన్సు ఒకసారి అడిగి చూడాలి. అద్దె ఎంత, బండి ఎవరు నడుపుతారు, దారిలో నష్టం జరిగితే ఎవరు భరిస్తారు అన్న మూడు విషయాలను ఒక కాగితంపై రాసి ఇద్దరూ సంతకం చేయాలి. ఊళ్లో తెలిసినవారి మధ్య సంతకం అడగడం మర్యాద కాదని కొందరు సంకోచించవచ్చు. కాని వివాదం కోర్టుకెక్కినప్పుడు నోటి మాటను రుజువు చేయడం ఇద్దరికీ కష్టమే.

ట్రాలీ ఖరీదుతో పోలిస్తే ఈ కాగితాలకయ్యే ఖర్చు స్వల్పం. ఆ ఖర్చును తప్పించుకున్నవారికి ప్రమాదం జరిగిన రోజున ట్రాలీతో పాటు పొలం కూడా అమ్ముకోవలసిన పరిస్థితి ఎదురుకావచ్చు.